కారు సీటు, నడుము నొప్పి: దూరం నడిపేవాళ్లు సీటును సర్దుకోవాల్సిన వరస

నల్లగొండ నుంచైనా, పాలమూరు నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లకు సీటులోనే నాలుగైదు గంటలు గడిచిపోతాయి. నడుము పట్టేయగానే చాలామంది ముందుగా ఒక మెత్త కొంటారు. నిజానికి మెత్త ఆఖరున ఆలోచించాల్సిన వస్తువు. ముందు బండిలో ఉన్న సీటునే కింది నుంచి పైకి వరసగా సర్దుకోవాలి. అప్పటికీ నడుముకూ సీటుకూ మధ్య ఖాళీ మిగిలితే తువ్వాల మడిచి పెట్టుకోవాలి. టైర్లలో గాలి, షాక్ అబ్జార్బర్లు కూడా చూసుకున్నాకే కుషన్ కొనాలి. వరస తప్పితే డబ్బు ఖర్చవుతుంది, నొప్పి మాత్రం అట్లనే ఉంటుంది.

నొప్పి ఎందుకు పుడుతుంది

నిలబడినప్పుడు నడుము దగ్గర వెన్ను కాస్త లోపలికి వంగి ఉంటుంది. కాళ్లు ముందుకు చాపి కారు సీటులో కూర్చుంటే తొడల వెనక కండరాలు బిగుసుకుని కటి ఎముకను వెనక్కి తిప్పుతాయి, ఆ వంపు చదునైపోతుంది. అప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల ముందు భాగం నలిగి, వెనక భాగం సాగుతుంది. నడుములోని చివరి రెండు డిస్కుల మీద ఈ భారం ఎక్కువ. తొడలోకి, పిక్కలోకి నొప్పి దిగే కేసుల్లో అత్యధికం అక్కడివే. డిస్కు లోపలి ఒత్తిడిని నేరుగా సూదితో కొలిచిన అధ్యయనాలు 1970లలో స్వీడన్‌లో జరిగాయి. వీపును కొద్దిగా వెనక్కి వాల్చి, నడుము వంపుకు ఆధారం ఇస్తే ఆ ఒత్తిడి తగ్గుతుందని వాటిలో తేలింది. సీటు సర్దడానికి ఈనాటికీ అదే పునాది.

రెండో కారణం అదురు. కూర్చున్న మనిషి శరీరం సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురును అన్నిటికంటే ఎక్కువగా పట్టుకుంటుంది. గుంతల రోడ్డు మీద కారు సీటు నుంచి వచ్చే అదురు చాలావరకు ఈ మధ్యలోనే ఉంటుంది. మూడోది కదలిక లేకపోవడం. ఇంట్లో కుర్చీలో కూర్చుంటే కాళ్లు అటూ ఇటూ మారుస్తాం. కారులో రెండు కాళ్లూ పెడళ్ల దగ్గర కట్టుబడి ఉంటాయి కాబట్టి ఒంటిని నిలబెట్టే పని మొత్తం నడుము కండరాల మీదే పడుతుంది.

సీటు సర్దడం

చదునైన చోట బండి ఆపి హ్యాండ్ బ్రేక్ వేయండి. రోజూ ఏ చెప్పులు, బూట్లతో నడుపుతారో అవే వేసుకోండి. మొదటిసారి పదిహేను నిమిషాలు పడుతుంది. వెనక జేబులో పర్సు, ఫోను, తాళాలు ఏవి ఉన్నా తీసేయండి. ఒకవైపు రెండు సెంటీమీటర్ల పర్సు ఉంటే కటి ఒక పక్కకు ఒరుగుతుంది. పిరుదు కండరం కింది నుంచి కాలిలోకి దిగే సయాటిక్ నరం మీద గంటల తరబడి ఒత్తిడి పడుతుంది. ఒక్క కాలే తిమ్మిరెక్కుతోందని చెప్పేవాళ్లు ముందు జేబు చూసుకోవాలి.

మొదటి మెట్టు: కూర్చునే చోటు. పిరుదులను సీటు, బ్యాక్‌రెస్ట్ కలిసే మూల దాకా పూర్తిగా జరపండి. సీటు అంచున కూర్చుని ఆ తర్వాత వెనక్కి ఒరిగితే మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ ఉండిపోతుంది. ఆ ఖాళీ ఉంటే మిగతా మెట్లన్నీ వృథా.

రెండో మెట్టు: ఎత్తు. తుంటి మోకాళ్లకు సమానంగానో, ఒక వేలెడు పైననో ఉండాలి. తుంటి కిందికి, మోకాళ్లు పైకి ఉంటే కటి వెనక్కి తిరిగి నడుము గూని పడుతుంది. తలకూ పైకప్పుకూ మధ్య పిడికిలి పట్టేంత జాగా ఉంచుకోండి. చూపు స్టీరింగ్ చక్రం పైనుంచి రోడ్డు మీద పడాలి. ఎత్తు మార్చే లివర్ సాధారణంగా సీటు తలుపు వైపు ఉంటుంది. చాలా కార్ల తక్కువ ధర మోడళ్లలో అది ఉండదు. అలాంటి సీటు మరీ కిందికి ఉంటే గట్టి ఫోమ్‌తో 2–3 సెంటీమీటర్ల వరకు ఎత్తు పెంచుకోవచ్చు, అంతకు మించి వద్దు. ఎందుకన్నది కుషన్ల దగ్గర చెప్పుకుందాం.

మూడో మెట్టు: ముందుకు, వెనక్కి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కాళ్లు ఊరికే పెట్టుకుని హాయిగా ఉందనిపించిన చోట సీటు ఆపేస్తారు. క్లచ్‌ను నేల దాకా తొక్కి పట్టి ఉన్నప్పుడు చూడాలి. అప్పుడు కూడా ఎడమ మోకాలు కొద్దిగా వంగే ఉండాలి, పిరుదు సీటు నుంచి లేవకూడదు, తుంటి ముందుకు జారకూడదు. సీటు దూరంగా ఉంటే ప్రతి క్లచ్‌కూ కటి ఎడమవైపు ఒరుగుతుంది. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో ఒక గంట ఇలా నడిపితే నడుము ఎడమ పక్క పట్టేయడానికి అది చాలు. ఆటోమేటిక్ బండి అయితే ఇంజిన్ ఆన్ చేసి, బ్రేక్‌ను గట్టిగా తొక్కి ఇదే పరీక్ష చేయండి. సీటు అంచుకూ మోకాలి వెనక గుంటకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సందు లేకపోతే పిక్కల్లోకి రక్తం సరిగా ఆడదు. సందు మరీ ఎక్కువైతే తొడలకు ఆధారం ఉండక బరువంతా పిరుదుల ఎముకల మీద పడుతుంది.

నాలుగో మెట్టు: బ్యాక్‌రెస్ట్. తొడకూ వెన్నుకూ మధ్య 100 నుంచి 110 డిగ్రీల కోణం రావాలి. ముందు నిట్టనిలువుగా పెట్టి, ఒక్కో నాచ్ (గాడి) చొప్పున వెనక్కి వదలండి. రెండు భుజాల రెక్కలూ బలవంతం లేకుండా ఆనిన చోట ఆపండి. ఫోన్‌లో లెవెల్ చూపే యాప్ ఉంటే బ్యాక్‌రెస్ట్ మీద నిలువుగా ఆనించి కొలవవచ్చు. నిలువు గీత నుంచి 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే సరిపోయినట్లే. ఇంతకంటే బాగా వాలిస్తే రోడ్డు చూడటానికి తల ముందుకు చాచాల్సి వస్తుంది, నొప్పి నడుము నుంచి మెడకు మారుతుంది.

ఐదో మెట్టు: స్టీరింగ్. భుజాలు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు చక్రం పైఅంచు మీద పడాలి. అప్పుడు గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట్ల పట్టుకుంటే మోచేతులు వంగి ఉంటాయి. ఛాతీ ఎముకకూ చక్రం నడిమికీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ దూరం ఉండాలి. అంతకంటే దగ్గరగా ఉంటే ప్రమాదంలో ఎయిర్‌బ్యాగే దెబ్బ తీస్తుంది. స్టీరింగ్ ఎత్తు మారే బండి అయితే చక్రం తొడలకు తగలకుండా, మీటరు కనబడేలా పెట్టుకోండి. చక్రాన్ని మనవైపు లాగే వీలు ఖరీదైన మోడళ్లలోనే ఎక్కువ. అది లేని బండిలో కాళ్లు పొడుగున్నవాళ్లకు కాళ్ల కొలత కుదిరితే చేతులకు కుదరదు. వాళ్లు కాళ్ల కొలత ఖాయం చేసుకుని, బ్యాక్‌రెస్ట్‌ను ఒక నాచ్ నిలువు చేసుకోవాలి.

హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగం ఎత్తుకు రావాలి, తలకూ దానికీ మధ్య సందు 5 సెంటీమీటర్లు మించకూడదు. బెల్టు కింది పట్టీ తుంటి ఎముకల మీద ఉండాలి, పొట్ట మీద కాదు. అద్దాలు అన్నిటికంటే చివర, వెన్ను నిటారుగా ఉన్నప్పుడు సర్దండి. దీనివల్ల ఒక లాభం ఉంది. దారిలో లోపలి అద్దంలో వెనక గ్లాసు పూర్తిగా కనబడటం మానేసిందంటే మీరు సీటులో కిందికి జారినట్టు. అద్దాన్ని కదపకుండా మీరే పైకి జరిగి కూర్చోండి.

ఎడమ కాలు సంగతి వేరుగా చెప్పాలి. క్లచ్ అక్కర్లేనప్పుడు పాదం దాని పక్కనున్న ఆనుడు పెడల్ మీద, అది లేకపోతే నేల మీద మడమ ఆనేలా ఉండాలి. క్లచ్ మీద గాల్లో వేలాడేస్తే తుంటి ముందు కండరం గంటల తరబడి బిగిసి, నడుము పూసలను ముందుకు లాగుతుంది. పైగా పాదం పెడల్‌ను తాకుతూ ఉంటే క్లచ్ ప్లేటూ తొందరగా అరుగుతుంది. చాలా చిన్న కార్లలో కుడి ముందు చక్రం గూడు లోపలికి రావడంతో పెడళ్లు కాస్త ఎడమకు జరిగి ఉంటాయి. అలాంటి బండిలో స్టీరింగ్‌కు సూటిగా కూర్చున్నా కటి కొద్దిగా మెలిక తిరుగుతుంది. దాన్ని పూర్తిగా పోగొట్టలేం. కనీసం కుడి మోకాలిని తలుపుకు ఆనించి కూర్చునే అలవాటు మానుకుంటే మెలిక తగ్గుతుంది. కొత్త బండి కొనేవాళ్లు షోరూంలో ఈ సంగతి చూసుకోవాలి, అరగంటైనా నడిపి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

నడుము వంపుకు ఆధారం

ఇప్పుడు అరచేతిని నడుము వెనకకు దూర్చి చూడండి. సులువుగా లోపలికి పోతే అక్కడ ఖాళీ ఉన్నట్టు. లంబార్ సపోర్ట్ (నడుము ఆధారం) లివర్ ఉన్న సీటయితే దాన్ని పూర్తిగా తగ్గించి, మెల్లగా పెంచుతూ రండి. లేకపోతే చేతులు తుడుచుకునే చిన్న తువ్వాల సరిపోతుంది. నొక్కితే 2–3 సెంటీమీటర్ల మందం, సుమారు 30 సెంటీమీటర్ల పొడవు వచ్చేలా మడిచి, రెండు రబ్బర్లు వేయండి. దాని మధ్య భాగం ప్యాంటు బెల్టుకు కొంచెం పైన రావాలి. జారిపోకుండా హెడ్‌రెస్ట్ కడ్డీలకు తాడుతో వేలాడదీయండి.

తప్పు జరిగేది మందం దగ్గర, ఎత్తు దగ్గర. ఇరవై నిమిషాలకే అక్కడ గట్టిగా గుచ్చుతున్నట్టుంటే మందం ఎక్కువైంది, ఒక మడత విప్పండి. పక్కటెముకల దగ్గర తగులుతుంటే పైకి పోయింది. అది నడుముకు ఆధారం ఇవ్వకపోగా ఒంటిని మొత్తం ముందుకు తోస్తుంది. బజారులో దొరికే లంబార్ కుషన్లలో చాలావాటి మందం 8–10 సెంటీమీటర్లు ఉంటుంది. అవి ఆఫీసు కుర్చీకి పనికొస్తాయి కానీ, ముందే వంపు ఉన్న కారు సీటులో పెడితే మనిషి స్టీరింగ్ మీదికి వస్తాడు. వారం రోజులు తువ్వాలతో నడిపి, ఏ మందం సరిపోతుందో తెలిశాక కొనుక్కుంటే డబ్బు దండగ కాదు.

కుషన్లు, సీటు కవర్లు

సీటు మీద వేసే మెత్త ఐదు సెంటీమీటర్లు ఉంటే కూర్చునే ఎత్తు, క్లచ్ దూరం, బెల్టు పడే చోటు, అద్దాలు అన్నీ మారిపోతాయి. మెత్తటి దాని మీద కూర్చున్నప్పుడు గట్టిగా బ్రేక్ పడితే తుంటి బెల్టు కింది నుంచి జారి ముందుకు పోతుంది, బెల్టు పొట్టలోకి దిగుతుంది. రెండు మూడు సెంటీమీటర్లకు మించవద్దన్నది అందుకే. కింద జారకుండా రబ్బరు పట్టు, పట్టీలు ఉన్నవే తీసుకోండి. తోకఎముక నొప్పి ఉన్నవాళ్లకు వెనక వైపు ఆంగ్ల యూ ఆకారంలో కత్తిరించిన కుషన్ నిజంగా పనిచేస్తుంది. డిస్కు నొప్పికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడే పదార్థం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మూసి ఉన్న కారులో వేడి అంతకంటే చాలా ఎక్కువ. అలాంటి బండిలోకి ఎక్కిన మొదటి అరగంట ఆ కుషన్ పూర్తిగా అణిగిపోయి, కింద ఏమీ లేనట్టే ఉంటుంది. బండి ఎండలో నిలిపేవాళ్లు మామూలు గట్టి ఫోమే వాడాలి. రెక్సిన్ కవరుకు చెమట పట్టి మనిషి జారుతూ ఉంటాడు, జారిన ప్రతిసారీ నడుము వంపు పోతుంది. దాని మీద మందపాటి నూలు గుడ్డ పరుచుకుని అంచులు సీటు కిందికి మడిచి కడితే పట్టు ఉంటుంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. సీటు పక్క నుంచి తెరుచుకునే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి మామూలు కవరు బిగిస్తే అది సమయానికి విచ్చుకోకపోవచ్చు. సీటు అంచున ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ముద్ర ఉంటుంది, చూసుకుని అక్కడ కుట్టు విడిపోయే కవరే వేయించండి.

సీటే కుంగిపోతే

పాత బండిలో పైన చెప్పినవన్నీ చేసినా ఫలితం లేకపోవడానికి కారణం తరచుగా ఇదే. డ్రైవర్ సీటు మీద, పక్క సీటు మీద మోకాలితో ఒకే బలంతో నొక్కి చూడండి. డ్రైవర్ సీటులో కింది కడ్డీలు తగిలితే ఫోమ్ చచ్చినట్టు. ఎక్కిదిగే తలుపు వైపు అంచు ముందుగా నలుగుతుంది కాబట్టి సీటు కుడికి ఒరిగిపోతుంది, దాని మీద వెన్ను కూడా ఒరుగుతుంది. ఒక సన్నటి అట్ట సీటు మీద అడ్డంగా పెట్టి, దాని మీద ఫోన్ లెవెల్ చూస్తే ఎంత ఒరిగిందో తెలుస్తుంది.

సీటు పని చేసే కుషన్ షాపులు ప్రతి జిల్లా కేంద్రంలో ఉంటాయి. అక్కడ అడగాల్సినవి మూడు. కింది స్ప్రింగులు, తీగలు తెగాయేమో ముందు చూడమనండి, తెగిన తీగ మీద కొత్త ఫోమ్ వేస్తే తొందరగానే మళ్లీ కుంగుతుంది. ఫోమ్ 40 డెన్సిటీకి తగ్గకూడదు. పాత ఫోమ్ మీద మెత్తటి పొర అంటించడం కాకుండా, నలిగిన చోటు కోసి ఆ ముక్కను అదే ఆకారంలో మార్చమనండి. పక్క అంచులు లేకుండా చదునుగా నింపేస్తే మలుపుల్లో ఒంటిని పట్టేది ఉండదు, ఆ పని నడుము చేయాల్సి వస్తుంది.

టైర్లు, షాక్ అబ్జార్బర్లు

గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద అంటించి ఉంటుంది. చిన్న కార్లకు ఇది ఎక్కువగా 30–35 పీఎస్ఐ మధ్య ఉంటుంది. మైలేజీ కోసమని నలభై కొట్టించుకుంటే టైరు గట్టిపడి ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

బండి ఒక మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకుంటే మంచిది. రెండు మూడు సార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ పోయినట్టు. దాని గొట్టం మీద నూనె కారిన తడి ఉన్నా అంతే. రెండువైపులా కలిపే మార్చాలి. ఎనభై వేగం దగ్గర స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి.

రోడ్డు మీద

స్పీడ్ బ్రేకర్ ముందే వేగం తగ్గించి, ముందు చక్రం ఎక్కే క్షణానికి బ్రేక్ వదిలేయాలి. బ్రేక్ మీద ఉంటే ముందు స్ప్రింగులు అప్పటికే అణిగి ఉంటాయి. అదురు మింగడానికి వాటికి జాగా మిగలక దెబ్బ నేరుగా సీటుకు వస్తుంది. బండిని ఏటవాలుగా ఎక్కించడం వల్ల ఒళ్లు పక్కలకు ఊగుతుంది, నేరుగానే ఎక్కించండి. ఆ క్షణంలో వీపు సీటుకు ఆని ఉండాలి.

గంటన్నరకు ఒకసారి దిగాలి. విజయవాడ దారిలో హైదరాబాద్ నుంచి బయలుదేరితే నార్కట్‌పల్లి, సూర్యాపేట, కర్నూలు దారిలో జడ్చర్ల, పెబ్బేరు ఈ లెక్కకు సరిపోయే చోట్లు. శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిదికి అడవి గేటు పడుతుందన్న తొందరలో మన్ననూరు దాకా ఆగకుండా పోతారు, ఆ వెంటనే ఘాట్ మలుపులు వస్తాయి. అప్పటికే పట్టేసిన నడుముతో ఆ మలుపులు తిప్పడం కష్టం. కల్వకుర్తి దగ్గర్లో ఐదు నిమిషాలు ఆగేలా బయలుదేరండి.

దిగేటప్పుడు ఒక కాలు బయటపెట్టి మెలిక తిరగవద్దు. రెండు కాళ్లూ కలిపి తలుపు వైపు తిరిగి, అప్పుడు లేవండి. రెండు నిమిషాలు నడిచాక చేతులు నడుము మీద పెట్టి ఐదుసార్లు మెల్లగా వెనక్కి వంగండి. నడిస్తే కాళ్లు లాగి, కూర్చుంటే తగ్గే పెద్దవాళ్లకు నరాల దారి ఇరుకై ఉండవచ్చు, వాళ్లు వెనక్కి వంగకూడదు, నడిస్తే చాలు. ఊరు చేరగానే డిక్కీ తెరిచి పాతిక కిలోల బియ్యం బస్తా లేపడం అన్నిటికంటే చెడ్డ పని. గంటల తరబడి కూర్చున్నాక వెన్ను పట్టు కండరాలు, నారలు సాగి వదులై ఉంటాయి, డిస్కు జారేది ఇలాంటప్పుడే. పది నిమిషాలు ఆగండి.

ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఇప్పుడు నడి వయసులో ఉన్నారు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా ఎముకల్లో చేరింది పోలేదు. వీళ్లలో కొందరికి వెన్ను నారలు సున్నం పట్టి బిగుసుకుపోతాయి, మెడ పక్కకు తిరగదు. అలాంటివాళ్లకు పైన చెప్పిన తువ్వాల ఒక్కోసారి కీడు చేస్తుంది. వంగని వెన్నును వంపు తిప్పమని నెట్టవద్దు. బ్యాక్‌రెస్ట్‌ను వాళ్ల వీపు ఆకారం ఎట్లుంటే అట్లా ఆనేలా పెట్టి, మిగిలిన ఖాళీ మాత్రమే గుడ్డతో నింపాలి. మెడ తిరగనివాళ్లు బయటి అద్దాల మీద చిన్న ఉబ్బెత్తు అద్దాలు అంటించుకోవాలి. నడుము విరిచి సరిచేస్తామనేవాళ్ల దగ్గరికి వీళ్లు అసలు పోకూడదు, బిగుసుకున్న పూస మీద ఆ బలం పడితే వెన్నుపాముకే ముప్పు.

ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లను ఏడు సీట్ల బండిలో చివరి వరసలో కూర్చోబెట్టవద్దు. వెనక చక్రాల మీద, వాటి వెనక ఎగురు ఎక్కువ, ఒక్క స్పీడ్ బ్రేకర్ కుదుపుకు వెన్నుపూస నలిగిపోవచ్చు. వాళ్లకు ముందు సీటు ఇవ్వండి.

ఎప్పుడు దవాఖానకు పోవాలి

దిగి నడిస్తే గంటలో తగ్గే నొప్పి సీటుది. ఆరు వారాలు దాటినా తగ్గనిది, రాత్రి నిద్రలో లేపేది, జ్వరంతోనో బరువు తగ్గడంతోనో కలిసి వచ్చేది ఎముకల డాక్టరుకు చూపించాలి. నొప్పి మాత్రలు, ముఖ్యంగా కండరాలు సడలించేవి వేసుకుంటే మగత రావచ్చు, ఆ రోజు స్టీరింగ్ పట్టవద్దు.

పాదం పైకి లేవకపోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం వీటిలో ఏది కనిపించినా అదే రోజు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ దవాఖానల్లాంటి పెద్ద దవాఖానకు చేరాలి. నరాలు నలుగుతున్నాయనడానికి అవి గుర్తులు, రోజులు గడిస్తే కోలుకోవడం కష్టం. అప్పుడు బండి మీరు నడపవద్దు. ముందు పక్క సీటును వెనక్కి జరిపి, మోకాళ్ల కింద మడిచిన దుప్పటి పెట్టుకుని, బెల్టు కట్టుకుని ఇంకొకరితో వెళ్లండి. కూర్చోలేని స్థితిలో ఉంటే 108కి ఫోన్ చేయండి.